రంగు సంగతి తర్వాత, ముందు నడవనివ్వండి

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్లు. కొంతకాలంగా పాత సైకిళ్ల పిచ్చి పట్టుకుంది. ఒకరి షెడ్డులో ఏళ్లుగా పడి ఉన్న ర్యాలీ కంపెనీ మూడు గేర్ల సైకిల్ ఈమధ్యే కొన్నాను. వెనక చక్రం మధ్యనున్న హబ్బు మీద ‘స్టర్మీ ఆర్చర్ ఏడబ్ల్యూ’ అనీ, దాని పక్కన 62, 3 అనే అంకెలూ ఉన్నాయి. ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది, అక్కడక్కడా తుప్పు. మొత్తం విప్పి, ఇసుకతో కొట్టించి, పౌడర్ కోటింగ్ వేయిస్తే కొత్తదానిలా మెరుస్తుందని పెయింటర్ అంటున్నాడు. ఒరిజినల్ రంగు తీసేస్తే విలువ పోతుందని స్నేహితుడు అంటున్నాడు. ఈలోగా పెడల్ కాడను (క్రాంకును) బిగించే కాటర్ పిన్ను తీద్దామని సుత్తితో కొడితే దాని మర నలిగిపోయింది, పిన్ను మాత్రం కదల్లేదు. కొన్న రోజు తొక్కి చూసినప్పుడు ఒకట్రెండు సార్లు కాళ్లు ఉన్నట్టుండి ఖాళీగా తిరిగాయి, కింద పడబోయాను. ఇంకో ఆరు నెలల్లో పాత సైకిళ్ల వాళ్లంతా కలిసి వెళ్లే అరవై కిలోమీటర్ల రైడ్ ఉంది, అందులో దీని మీదే వెళ్లాలని కోరిక. ‘ఇది పూర్తయ్యేది కాదు, ఇంటి నిండా ఇనుము చేరడమే మిగులుతుంది’ అని మా ఆవిడ అంటోంది. పైగా ఇదే కంపెనీ పాత సైకిల్ ఇంకొకటి ఊరికే ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పెయింటర్‌కు ఫోన్ చేసి ఇప్పుడే వద్దని చెప్పండి. మీరు అడిగినవాటిలో వెంటనే తేల్చాల్సింది అదొక్కటే. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు.

పాత సైకిల్‌ను ముందు నడిచేలా చేయాలి, అందం గురించి ఆ తర్వాత ఆలోచించాలి. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. చాలామంది ఈ పని తలకిందులుగా చేస్తారు. సైకిల్ ఇంటికి రాగానే ఒక్క ఆదివారంలో మొత్తం విప్పేస్తారు. ఫ్రేము రంగుకు పోతుంది, విడిభాగాలు డబ్బాల్లోకి పోతాయి. కొన్నాళ్లకు ఫ్రేము ధగధగలాడుతూ తిరిగొస్తుంది. బిగించడం మొదలుపెట్టాక తెలుస్తుంది, బేరింగు కప్పులో గుంటలు పడ్డాయని, అలాంటిది బజార్లో దొరకదని, ఏ వాషరు ఎటువైపుదో ఎవరికీ గుర్తులేదని. కష్టపడి బిగించినా కొత్త రంగు మీద గీత పడుతుందేమోనన్న భయంతో తొక్కరు. ఇలా డబ్బాల్లోనే ఉండిపోయిన సైకిళ్లు, గోడకెక్కిన సైకిళ్లు మీ చుట్టుపక్కల కూడా కనిపిస్తాయి, అడిగి చూడండి.

కాబట్టి ఒకసారి ఒక భాగమే విప్పండి. ముందు చక్రం విప్పారా, దాన్ని కడిగి, గ్రీజు పెట్టి, తిరిగి బిగించాకే హ్యాండిల్ జోలికి వెళ్లండి. విప్పే ముందు రెండు వైపుల నుంచీ ఫొటో తీయండి. నట్లు, వాషర్లు తీసిన వరసలోనే ఒక తీగకు గుచ్చి పెట్టండి. ఎప్పుడు చూసినా మీ ఇంట్లో ఉన్నది సైకిల్‌లాగే కనిపించాలి. మీ ఆవిడ భయానికి సగం మందు ఇదే.

ఇక రంగు. విలువ పోతుందని మీ స్నేహితుడు చెప్పిన మాట అమ్ముకునేవాళ్లకు పనికొస్తుంది. ఇలాంటి ర్యాలీలు లక్షల్లో తయారయ్యాయి, మ్యూజియం వాళ్లెవరూ మీ తలుపు తట్టరు. నేను వద్దంటున్నది వేరే కారణానికి. ఆ ఫ్రేము మీద కంపెనీ అంటించిన బొమ్మలు, అక్షరాలు, మడ్‌గార్డుల మీద సన్నటి గీతలు ఉంటాయి. ఇసుక తగిలితే అవన్నీ రెండు నిమిషాల్లో పోతాయి. నకళ్లు కొని అంటించుకోవచ్చు, కానీ మీ సైకిల్ మీదున్నవి మాత్రం ఇక రావు. పౌడర్ కోటింగ్ అంటే పొడిని విద్యుత్తుతో అంటించి, దాదాపు 200 డిగ్రీల వేడిలో కాల్చి గట్టిపరచడం. ఆ పూత మందంగా ఉంటుంది. గొట్టాలు కలిసే చోట ఉండే లగ్గుల అంచుల నాజూకు దాని కింద మునిగిపోతుంది. బేరింగు కప్పులు కూర్చునే చోట, మరల మీద సరిగ్గా మూయకపోతే అక్కడా పూత చేరి, తర్వాత ఏదీ ఎక్కదు. అనుభవం లేని చేయి ఇసుకతో గట్టిగా కొడితే ఫ్రేము నంబరు కూడా అరిగిపోతుంది.

అసలు ఆ రంగు కింద ఏముందో మీరింకా చూడనే లేదు. గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో కడగండి. ఆరాక కారు పాలిష్ తీసుకుని, ముందు కంటికి కనపడని చోట, అంటే సీటు కిందో, క్రాంకుల యాక్సిల్ తిరిగే బీబీ (బాటమ్ బ్రాకెట్) గొట్టం అడుగునో, కొంచెం రుద్ది చూడండి. అక్షరాల మీద పెట్రోలు, థిన్నరు పడనివ్వకండి, కొన్ని పాత అంటింపు అక్షరాలు క్షణాల్లో కరిగిపోతాయి. వెలిసిపోయిందని మీరనుకుంటున్న ఆకుపచ్చలో చాలా భాగం పాత జిడ్డూ దుమ్మూ అయి ఉండొచ్చు. అరవై ఏళ్ల కిందటి రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఎక్కడైనా రుద్దాల్సి వస్తే పొడిగా రుద్దకండి. తడిపి, మాస్కు పెట్టుకుని, పిల్లలు దగ్గర లేనప్పుడు చేయండి.

హ్యాండిల్, రిమ్ముల క్రోమ్ మీది తుప్పుకు అల్యూమినియం ఫాయిల్‌ను ఉండగా నలిపి, నీళ్లలో ముంచి రుద్దితే చాలు. క్రోమ్ కంటే అల్యూమినియం మెత్తన, గీతలు పడవు. క్రోమ్ ఊడిపోయి ఇనుము తేలిన చోట మాత్రం ఏం చేసినా మచ్చ ఉంటుంది, నూనె గుడ్డతో తుడుస్తూ ఉండటమే. చిన్న ఇనుప భాగాలకు ఆగ్జాలిక్ యాసిడ్ కలిపిన నీళ్లు బాగా పనిచేస్తాయి. అది విషం. చేతికి గ్లౌజులు ఉండాలి, పొడి ముక్కులోకి పోకూడదు, తీశాక వంటసోడా నీళ్లతో కడగాలి. స్ప్రింగులు, బేరింగు గుండ్లు అందులో వేయకండి.

రంగు వేయించడం నేరమని నేననను. ఇదివరకే ఎవరో కుంచెతో ఇంటి గేటు రంగు పూసేసిన ఫ్రేమయితే, తుప్పు రంగు కింద పాకి పెచ్చులు లేస్తుంటే, వేయించుకోండి. కానీ అది ఒక సీజనంతా తొక్కాక తీసుకునే నిర్ణయం. అప్పటికి ఫ్రేము నిటారుగా ఉందో లేదో, సైజు మీకు సరిపోయిందో లేదో, అసలు ఈ సైకిల్ మీకు నచ్చిందో లేదో తెలిసిపోతుంది.

హబ్బు మీద మీరు చూసిన 62, 3 అంకెలు దాని పుట్టినరోజు: 1962, మూడో నెల. స్టర్మీ ఆర్చర్ వాళ్లు ఇలా వేయడం మనలాంటివాళ్లకు పెద్ద వరం. అయితే అది హబ్బు వయసు మాత్రమే, చక్రం ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు. ముందు హబ్బు, బ్రేకులు, గేరు మీట కూడా అదే కాలానివిగా కనిపిస్తే సైకిల్ కూడా దాదాపు అప్పటిదే అనుకోవచ్చు.

ర్యాలీ అని తెలియడం వల్ల ఇంకో లాభం ఉంది, ఇది పేరుకోసం కాదు, డబ్బు వృథా కాకుండా. బ్రిటిష్ సైకిళ్లలో బీబీ కప్పుల మర మామూలుగా అంగుళానికి 24 చుట్లు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో చేసిన ర్యాలీల్లో చాలావాటికి అంగుళానికి 26 చుట్లు ఉంటాయి. హ్యాండిల్ బేరింగు కప్పులదీ అదే కథ. మామూలు కొత్త కప్పు తెచ్చి బలవంతంగా తిప్పితే రెండు చుట్లు ఎక్కుతుంది, మూడో చుట్టుకు ఫ్రేము మర తెగుతుంది. అందుకే ఉన్న కప్పులను బంగారంలా చూసుకోండి. కుడివైపు బీబీ కప్పుకు ఎడమ మర ఉంటుంది, మామూలుగా విప్పే దిశలో తిప్పితే ఇంకా బిగుస్తుంది. అసలు దాన్ని తీయాల్సిన అవసరమే సాధారణంగా రాదు. లోపలే గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూస్తే సరిపోతుంది. ఎడమ పెడల్‌కూ మర ఎడమదే, అది కూడా గుర్తుంచుకోండి.

పానా పట్టుకునే ముందు ఫ్రేమును కళ్లతో చదవండి. హ్యాండిల్ దిగే ముందు గొట్టానికి వెనక, కింది గొట్టం అడుగున వేలితో తడమండి. అక్కడ చిన్న ఉబ్బు, రంగు ముడత తగిలితే ఆ సైకిల్ ఎప్పుడో దేనికో గుద్దుకుంది. పక్క నుంచి చూస్తే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్ల పైభాగం ముందు గొట్టం ఉన్న వాలులోనే దిగాలి. వెనక్కి నొక్కినట్టు కనిపిస్తే ఫోర్కు వంగింది. తర్వాత ఒక దారం తీసుకుని వెనక చక్రం ఇరుసు కూర్చునే ఒక కొసకు కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో కొసకు కట్టండి. సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. రెండు కొలతలూ సమానమైతే వెనక భాగం సూటిగా ఉన్నట్టు. ఒకట్రెండు మిల్లీమీటర్ల తేడాతో కంగారు పడనక్కర్లేదు. లగ్గుల అంచున, వెనక కొసల దగ్గర సన్నని తుప్పు గీత కనిపిస్తే మాత్రం ఆగండి. అది రంగులో పగులా, ఇనుములో పగులా అన్నది తేలకుండా ఆ సైకిల్ ఎక్కకూడదు.

ఇప్పుడు మీ కాటర్ పిన్ను. ఈ హాబీలో ఎక్కువ మంది ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే, సగం సామాన్లు పాడయ్యేదీ ఇక్కడే. ఆ పిన్నుకు ఒక పక్క చదునుగా వాలు ఉంటుంది, అది రెండు క్రాంకులనూ కలిపే యాక్సిల్ మీది గాడిలో మేకులా బిగుసుకుని క్రాంకును పట్టి ఉంచుతుంది. దశాబ్దాల తుప్పు దానికి తోడవుతుంది. సుత్తి దెబ్బ వేసినప్పుడు కింద ఆధారం లేకపోతే ఆ శక్తంతా యాక్సిల్ మీదుగా బేరింగు గుండ్లలోకి పోతుంది. పిన్ను కదలదు, కప్పులో గుంటలు పడతాయి. మీరు ఎన్ని దెబ్బలు వేశారో రాయలేదు. ఇక ఒక్కటి కూడా వేయకండి.

వేరేవాళ్లు చదువుతుంటే వాళ్ల కోసం చెబుతున్నా: నట్టును పూర్తిగా తీయకుండా పిన్ను కొసతో సమానంగా ఉంచితే మర నలగదు. మీకు ఆ దశ దాటిపోయింది. మీరు చేయాల్సింది ఇది. రెండు కొసల దగ్గరా తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి, మర్నాడు మళ్లీ వేయండి. దొరికితే కాటర్ పిన్నుల కోసమే చేసిన ప్రెస్సు తెచ్చుకోండి. చిన్న సి ఆకారపు పరికరం అది, మర తిప్పుతుంటే పిన్నును నెమ్మదిగా నెడుతుంది, బేరింగు మీద భారం పడదు. నలిగిన మర భాగాన్ని ముందుగా రంపంతో కోసి, కొసను ఆకురాయితో చదును చేస్తే ప్రెస్సు సరిగా కూర్చుంటుంది. ప్రెస్సు దొరకకపోతే క్రాంకు కింద, సరిగ్గా పిన్ను చుట్టూ వచ్చేలా, ఒక ఇనుప గొట్టం ముక్కను నేల దాకా నిలబెట్టండి. సైకిల్ బరువు ఆ గొట్టం మీదే ఉండాలి. పిన్ను కంటే కొంచెం సన్నని పంచి పెట్టి, బరువైన సుత్తితో ఒకే గట్టి దెబ్బ. చిన్న సుత్తితో వంద టకటకలు వేస్తే పిన్ను మళ్లీ నలుగుతుంది, అంతే.

అదీ పనిచేయకపోతే డ్రిల్లింగే. కోసిన కొస మధ్యలో చుక్క కొట్టి, సన్నని బిట్టుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ పోవాలి. పిన్ను లోపల డొల్ల అయ్యాక పట్టు వదులుతుంది, మిగిలిన గోడను పంచితో తోసేయొచ్చు. బిట్టు పక్కకు జరిగితే క్రాంకు, యాక్సిల్ రెండూ పోతాయి. చేయి కుదురు మీద నమ్మకం లేకపోతే ఈ ఒక్క పనికి సైకిల్‌ను లేత్ వర్క్‌షాపుకు తీసుకెళ్లండి, అందులో నామోషీ ఏం లేదు.

కొత్త పిన్నులు రెండూ ఒకే చోట, ఒకే సైజువి కొనండి. ర్యాలీకి సాధారణంగా 9.5 మిల్లీమీటర్లవి సరిపోతాయి, కానీ పాతది కొలిచి చూడండి, 9 మిల్లీమీటర్లవి కూడా బజార్లో తిరుగుతుంటాయి. రెండు క్రాంకులూ ఒకే రకం స్థితిలో ఉంచి చూస్తే, రెండు పిన్నులూ ఒకే వైపు నుంచి దిగాలి. ఒకటి తిరగబడితే క్రాంకులు ఒక గీతలో ఉండవు, తొక్కుతుంటే కుంటినట్టు ఉంటుంది. వాలు సరిపోకపోతే ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీసి సరిచేసుకోండి. పిన్నును ప్రెస్సుతోనో, కింద ఆధారం పెట్టి సుత్తితోనో దించాలి. నట్టు తిప్పి లాగుదామనుకుంటే మర తెగుతుంది, నట్టు పని పిన్ను వెనక్కి జారకుండా ఆపడమే. ముప్పై కిలోమీటర్లు తొక్కాక మళ్లీ ఒకసారి దించి నట్టు బిగించండి. కొత్త పిన్ను మొదట్లో కొంచెం సర్దుకుంటుంది. ఆ వదులుతోనే తొక్కితే యాక్సిల్ గాడి అరుగుతుంది, ఆ తర్వాత ఏ పిన్నూ నిలవదు.

బేరింగుల గురించి ఎక్కువ చెప్పను, అది సులువైన పని, పైగా హాయిగా ఉంటుంది. బీబీలో మామూలుగా పావు అంగుళం గుండ్లు ఒక్కో వైపు పదకొండు, ముందు హబ్బులో 3/16 అంగుళం గుండ్లు ఒక్కో వైపు పది. విప్పినప్పుడు లెక్కపెట్టి రాసుకోండి. పాతవి ఎంత మెరుస్తున్నా మొత్తం సెట్టు మార్చేయండి, గుండ్లు చాలా చవక. పాతవీ కొత్తవీ కలిపితే కొంచెం పెద్దగా ఉన్న వాటి మీదే భారం పడుతుంది. కోన్లు (బేరింగు బిగుతు సరిచేసే నట్లు) బిగించాక చక్రాన్ని గాల్లో వదిలితే ట్యూబు వాల్వు బరువుకే అది కిందికి తిరగాలి, రిమ్ము పట్టుకుని ఊపితే టకటకలాడకూడదు. ఆ రెండూ కుదిరితే మీ పని అయినట్టే.

కాళ్లు ఖాళీగా తిరిగిన సంగతి ప్రమాదకరమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అదృష్టం ఏమిటంటే, చాలాసార్లు దాని మరమ్మతు అయిదు నిమిషాల్లో అయిపోతుంది. మూడు గేర్లూ ఈ ఏడబ్ల్యూ హబ్బు లోపలే ఉంటాయి, ఇది 1936లో వచ్చింది. రెండో గేరులో చైను తిప్పినంతే చక్రం తిరుగుతుంది, ఒకటిలో నాలుగో వంతు తగ్గుతుంది, మూడులో మూడో వంతు పెరుగుతుంది. రెండుకీ మూడుకీ మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ జాగా ఒకటుంది. మూడో గేరులో కేబుల్ వదులుగా, ఒకటిలో బిగుతుగా ఉంటుంది కాబట్టి, కేబుల్ సాగినా జారినా మీట రెండులో ఉండగానే లోపల గేరు మార్చే క్లచ్చు ఆ ఖాళీలోకి జారుతుంది. సీటు మీంచి లేచి గట్టిగా తొక్కే సమయంలో అలా జారితే మనిషి పై గొట్టం మీద పడతాడు. వివరాలు వద్దు.

మీటను రెండులో పెట్టండి. కుడివైపు ఇరుసు నట్టుకు చిన్న కన్నం ఉంటుంది. అందులోంచి చూస్తే గొలుసు కట్టిన సన్నని కడ్డీ కనిపిస్తుంది. ఆ కడ్డీ లావు భాగం ముగిసే అంచు ఇరుసు కొసతో సరిసమానంగా ఉండాలి. లేకపోతే గొలుసు చివర తిప్పుడు నట్టుతో సరిచేయండి. ఆ తర్వాత హబ్బు మీది చిన్న మూత తెరిచి పల్చని మెషిన్ ఆయిల్ కొన్ని చుక్కలు వేయండి. ఏళ్లుగా నడవని హబ్బులో పాత నూనె జిగురులా మారి ఉంటుంది, లోపల చక్రాన్ని పట్టి తిప్పే చిన్న కొక్కేలు అతుక్కుపోతాయి. నూనె వేసి చక్రం తిప్పి, ఓ రాత్రి ఉంచి, మర్నాడు మళ్లీ వేయండి. వంటనూనె వద్దు, ఎండితే అదే జిగురు. ఇంత చేశాక కూడా జారుతుంటే అప్పుడు హబ్బు విప్పాలి. విప్పకుండానే బాగుపడే హబ్బును విప్పి చూడాలని మనసు లాగుతుంది, లాగినా ఆగండి. మొదటి కొన్ని రైడ్లలో కూర్చునే తొక్కండి, లేవకండి.

బ్రేకు రబ్బర్లు, బ్రేకు కేబుళ్లు, టైర్లు, ట్యూబులు పాతవి ఎలా ఉన్నా పారేయండి. ఒరిజినల్ మీద నాకున్న ప్రేమ అంతా ఇక్కడితో సరి. అరవై ఏళ్ల రబ్బరు రాయవుతుంది. టైరు కొనేటప్పుడు అంగుళాల లెక్కను నమ్మకండి. మీ సైకిల్‌కు 26 x 1 3/8 ఉండే అవకాశం ఎక్కువ. బ్రిటిష్ సైకిళ్లలో ఆ పేరుకు రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 590 మిల్లీమీటర్లు. అమెరికన్ ష్విన్ సైకిళ్లలో అదే అంగుళాల పేరుతో 597 ఉండేది. ఏడు మిల్లీమీటర్ల తేడాతో టైరు ఎక్కదు, లేదా ఎక్కి ఊడుతుంది. టైరు పక్కన 37-590 అని ఉందో లేదో చూసి కొనండి. కొత్త రిమ్ము టేపు కూడా వేయండి, పాతది తీసినప్పుడు రిమ్ము లోపల తుప్పు ఎంత లోతుందో స్క్రూడ్రైవరు మొనతో గీకి చూడండి. పొరలు పొరలుగా ఊడివస్తే ఆ రిమ్ము పని అయిపోయింది.

క్రోమ్ పూసిన ఉక్కు రిమ్ములకు ఒక పాత జబ్బు ఉంది: తడిస్తే బ్రేకు పట్టదు. మీట పూర్తిగా నొక్కినా సైకిల్ తన దారిన తాను పోతుంది. ఉక్కు రిమ్ముల కోసం తోలు ముఖం ఉన్న బ్రేకు రబ్బర్లు చేస్తారు, తడిలో అవి కొంత నయం. అంతకంటే మంచి దారి అదే సైజు అల్యూమినియం రిమ్ములు వేయించుకోవడం. హబ్బులు అవే ఉంటాయి, పాత రిమ్ములకు నూనె రాసి, కట్టి అటక మీద పెట్టుకోండి. ఇలాంటి పాత బ్రిటిష్ సైకిళ్లకు మామూలుగా ముందు 32, వెనక 40 చువ్వలు ఉంటాయి, రిమ్ము ఆర్డరు ఇచ్చే ముందు లెక్కపెట్టండి. పాతదనం పోతుందని కొందరు ముక్కు విరుస్తారు. వాన రోజు వాళ్ల వెనక సైకిల్ తొక్కకండి.

అరవై కిలోమీటర్లు మూడు గేర్లతో అవుతుందా అని మీరు నేరుగా అడగలేదు గానీ, ఉత్తరంలో ఆ బెంగ కనిపిస్తోంది. అవుతుంది. అమెరికాలో మిసిసిపీ నది మీది పెపిన్ సరస్సు చుట్టూ మూడు గేర్ల సైకిళ్ల మీదే రెండు రోజులు తిరిగే యాత్ర ఒకటి ఉంది, అందులో ఎత్తులు కూడా ఉన్నాయి. ఇటలీలో 1997లో మొదలైన లెరోయికా అనే పాత సైకిళ్ల రైడ్ లాంటివి వేరు. అక్కడ 1987కు ముందు నాటి రేసింగ్ సైకిళ్లు కావాలి, గేరు మీట కింది గొట్టం మీద ఉండాలి వంటి నియమాలు ఉంటాయి. మీరు వెళ్లబోయే రైడ్‌కు అలాంటివేమైనా ఉన్నాయేమో ముందే కనుక్కోండి.

మీకు సాయపడే చవకైన మార్పు ఒకటుంది. ఈ సైకిళ్లకు వెనక పళ్ల చక్రం చాలాసార్లు 18 పళ్లది వస్తుంది. అలా ఉంటే మూడో గేరు వెనక నుంచి గాలి తోస్తే తప్ప పనికిరాదు, ఒకటో గేరు ఎత్తుకు చాలదు. దాని బదులు 20 లేదా 22 పళ్లది వేయండి. 1962 హబ్బు అయితే పళ్ల చక్రం మీద ఒక స్ప్రింగు రింగు మాత్రమే ఉంటుంది. స్క్రూడ్రైవరుతో దాన్ని లేపితే చక్రం చేతికొస్తుంది. రింగు ఎగిరి కంట్లో పడకుండా మీద గుడ్డ వేయండి. చైను కూడా కొత్తది, కొంచెం పొడుగైనది పడుతుంది. చైను జాయింటు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను కదిలే దిశలో ఉండాలి. పళ్ల చక్రం మారాక ఇరుసు కొంచెం జరుగుతుంది కాబట్టి గేరు కేబుల్ మళ్లీ సరిచూసుకోవడం మరిచిపోకండి. ఆ ఖాళీ జాగా మళ్లీ వచ్చేది ఇలాగే.

సీటు తోలుదైతే దాన్ని నూనెలో నానబెట్టకండి. మెత్తబడి జోలెలా వేలాడుతుంది. తోలు సీటు మైనం పల్చగా రెండు వైపులా రాసి, రోజుల తరబడి పీల్చుకోనివ్వండి. ముక్కు కింది నట్టు పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి. రివెట్ల దగ్గర పగుళ్లు ఉంటే ఈ సీజనుకు మామూలు సీటుతో వెళ్లండి, సైకిల్ చిన్నబుచ్చుకోదు.

రైడ్‌కు ముందు మొదటి వారం ఇంటి చుట్టుపక్కలే, నడిచి తిరిగి రాగలిగినంత దూరంలోనే తొక్కండి. పదేసి కిలోమీటర్లు తిరిగినప్పుడల్లా క్రాంకులు, ఇరుసు నట్లు, హ్యాండిల్ వదులయ్యాయేమో పట్టి చూడండి. ఆ తర్వాత ఇరవై, నలభై. జేబులో ఒక పానా, ఒక ట్యూబు, ఒక కాటర్ పిన్ను. బ్రేకు మీకు అలవాటైన దూరానికి రెండింతల ముందు నుంచే నొక్కడం మొదలుపెట్టండి, దిగుడులో ముందున్నవాడి చక్రానికి దగ్గరగా వెళ్లకండి.

మీ ఆవిడ మాటలో నిజం ఉంది. ఈ హాబీలో సైకిళ్లు పెరిగేది నడిచే సైకిల్ ఉన్నవాళ్ల ఇంట్లో కాదు, నడవని సైకిల్ ఉన్నవాళ్ల ఇంట్లో. ఒకదానికి సామాను కావాలని రెండోది, రెండోది కూడా మంచిదేనని మూడోది. అందుకే జాగా సంగతి ఆవిడతో ముందే మాట్లాడుకోండి: ఈ మూల, ఈ అల్మారా, అంతకు మించి రాను అని. మాట ఇచ్చాక దాటకండి.

ఊరికే ఇస్తామన్న ఆ రెండోదాన్ని వద్దనమని మాత్రం నేను చెప్పను. పైన చెప్పిన 26 చుట్ల మర వల్ల అదే కంపెనీ సామాను మీకు నిజంగా పనికొస్తుంది. వెళ్లి చూడండి. బీబీ కప్పులు, యాక్సిల్, క్రాంకులు, హ్యాండిల్ బేరింగు కప్పులు, ఫోర్కు, వెనక ఏడబ్ల్యూ హబ్బు, ఇవి బాగుంటే అక్కడే విప్పి, ఒక పెట్టెలో పట్టేంత తెచ్చుకోండి. ఇచ్చేవాళ్లు ఒప్పుకుంటే మిగిలిన ఫ్రేమును వాళ్ల దగ్గరే వదిలేయండి. మొత్తం తీసుకెళ్లాల్సిందే అంటే, మీ సైకిల్ తొక్కడం మొదలయ్యాక వస్తానని చెప్పి రండి.